థ్రాటిల్‌స్టాప్ రివ్యూ: స్పీడు ఎందుకు పడిపోయిందో ముందు ఇది చెబుతుంది

గేమింగ్ ల్యాప్‌టాప్ ఆట మధ్యలో ఉన్నట్టుండి నత్తనడక మొదలుపెట్టిందని ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే. వేడెక్కుతోంది, కూలింగ్ ప్యాడ్ కొనుక్కో. దాంతో తగ్గకపోతే విండోస్ మళ్లీ వేసెయ్. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లయితే వెనక మూత విప్పి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే ముద్ద) మార్చెయ్యమంటారు. రోగం ఏంటో చూడకుండానే మందులన్నమాట. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ స్పీడు ఎందుకు తగ్గుతోందో చూపించే థ్రాటిల్‌స్టాప్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ నాకు నచ్చింది సరిగ్గా ఇందుకే. పేరు చూసి చాలామంది దీన్ని ల్యాప్‌టాప్‌కి బలం ఎక్కించే సాఫ్ట్‌వేర్ అనుకుని, దొరికిన ప్రతి టిక్కూ మార్చేసి, తర్వాత బ్లూ స్క్రీన్ వస్తోందని తిడుతుంటారు. నన్నడిగితే దీని విలువంతా 'లిమిట్స్' అనే ఒక్క చిన్న విండోలో ఉంది. ప్రాసెసర్‌ని వెనక్కి లాగుతున్నది వేడా, కరెంటా, ఛార్జరా, మదర్‌బోర్డా అన్నది అక్కడ తేలిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఉచితం. టెక్‌పవర్‌అప్ సైట్‌లో జిప్ ఫైల్‌గా దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఒక ఫోల్డర్‌లో విప్పి నడిపించడమే. మన సెట్టింగులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఒక ఐఎన్ఐ ఫైల్‌లో కూర్చుంటాయి. విండోస్‌లో మాత్రమే, ఇంటెల్ ప్రాసెసర్ల మీద మాత్రమే పనిచేస్తుంది. మొదటిసారి తెరవగానే 'ఏమైనా అయితే బాధ్యత మీదే' అని ఒక హెచ్చరిక వస్తుంది. అది ఊరికే పెట్టింది కాదు, చదవండి. ఇక లోపలికి వెళ్తే అంతా గడులు, టిక్ బాక్సులు, పొడి అక్షరాల పేర్లు. ఏది ఏం చేస్తుందో చెప్పే వివరణ దాదాపు లేదు. ఇంత పనికొచ్చే టూల్‌ని ఇంత అర్థం కాకుండా ఎలా పెట్టారో నాకైతే తెలీదు.

నేను వాడుతున్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది కోర్ ఐ7-9750హెచ్. 6 కోర్లు, 12 థ్రెడ్లు, బేస్ (మామూలు) స్పీడు 2.6 గిగాహెర్ట్జ్, టర్బో (వీలైనప్పుడు తనంతట తాను పెంచుకునే స్పీడు) 4.5 వరకు. ఈ అంకెల దగ్గరే సగం మంది తికమక పడతారు కాబట్టి ముందు ఇది తేల్చుకుందాం. ఆ 4.5 అనేది ఒక కోర్ మీదే భారం పడ్డప్పటి మాట. ఆరు కోర్లూ కష్టపడుతుంటే పైహద్దు 4.0 మాత్రమే. పైగా 45 వాట్ల లెక్కలో ఇంటెల్ హామీ ఇచ్చేది 2.6కే, దాని పైన వచ్చేదంతా వేడి, కరెంటు అనుకూలిస్తే వచ్చే అదనం. కాబట్టి గేమ్‌లో 3.5 కనిపించగానే 'నా ల్యాప్‌టాప్ థ్రాటిల్ అవుతోంది', అంటే బలవంతంగా స్పీడు తగ్గించుకుంటోంది, అని గోల పెట్టక్కర్లేదు. బరువైన పని నడుస్తుండగా బేస్ కన్నా కిందికి జారితే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే.

మెయిన్ విండోలో కుడివైపు ఒక పట్టిక ఉంటుంది, థ్రెడ్‌కి ఒక వరుస చొప్పున. అందులో ఎఫ్ఐడీ అనే కాలమ్ ప్రాసెసర్ గుణకం. దాన్ని 100 మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే స్పీడు వస్తుంది, అంటే 40 అని ఉంటే 4 గిగాహెర్ట్జ్. మాడ్ అనే కాలమ్‌లో 100 ఉండాలి, అంతకన్నా తక్కువ కనిపిస్తే ఎవరో క్లాక్‌ని బలవంతంగా ఆపి ఆపి నడుపుతున్నారని అర్థం. పక్కన ఇప్పటి టెంపరేచర్, ఇంతవరకు చేరిన గరిష్ఠ టెంపరేచర్. ఇవి తెలిస్తే చాలు, మొదటి రోజుకి మిగతావాటి జోలికి వెళ్లొద్దు.

ఇక అసలైన విండో. కింద 'లిమిట్స్' నొక్కితే మూడు నిలువు వరుసలు తెరుచుకుంటాయి: కోర్, జీపీయూ, రింగ్. ఇక్కడ జీపీయూ అంటే ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్, మీ ఎన్విడియా కార్డు కాదు. రింగ్ అంటే చిప్ లోపల కోర్లని కలిపే దారి. అడ్డంగా కారణాల పేర్లు: థర్మల్, ప్రాక్‌హాట్, పీఎల్1, పీఎల్2, ఈడీపీ అదర్ (కరెంటు హద్దుల్లో ఒకటి), ఇంకా వోల్టేజ్ రెగ్యులేటర్‌కి, అంటే ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగానికి, సంబంధించినవి. ఏదైనా గడి ఎర్రగా వెలిగితే ఆ క్షణంలో ప్రాసెసర్‌ని ఆపుతున్నది అదే. పసుపుపచ్చగా ఉంటే ఇంతకుముందు ఎప్పుడో ఆపింది, ఇప్పుడు లేదు. అందుకే గేమ్ మొదలుపెట్టే ముందు 'క్లియర్' కొట్టి పాత మరకలన్నీ తుడిచేయాలి. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు రింగ్ వరుసలో ఈడీపీ అదర్ మెరుస్తూ కనిపించవచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. మనకి కావాల్సింది కోర్ వరుస, అదీ భారం ఉన్నప్పుడు.

ఫుల్ స్క్రీన్ గేమ్ ఆడుతూ ఇదంతా చూడటం కుదరదు కదా అంటే, 'లాగ్ ఫైల్' అని ఒక టిక్ ఉంది. అది పెట్టి ఆడుకోండి. సెకనుకో లైను చొప్పున గుణకం, టెంపరేచర్, వాట్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి వెళ్తాయి, ఆ సమయంలో ఏ లిమిట్ తగిలిందో కూడా లైను చివర పడుతుంది. నిజానికి చాలామందికి ఈ లాగ్ ఒక్కటీ చాలు.

నా మెషీన్ సంగతి చెబితే ఇది ఎంత తేడా చూపిస్తుందో అర్థమవుతుంది. గేమ్ బాగానే నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఫ్రేములు ఇరవైల్లోకి పడిపోయేవి. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసీ చూడగానే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) మార్చాలన్నారు. కానీ ఒక విషయం పొసగడం లేదు: ఫ్రేములు పడిపోగానే ఫ్యాన్ల మోత కూడా తగ్గిపోయేది. వేడితో ఉడికిపోతున్న మెషీన్‌లో ఫ్యాన్లు ఇంకా గట్టిగా అరవాలి గాని నిదానించడం ఏంటి? లాగ్ తెరిచి చూస్తే ఎఫ్ఐడీ 39 దగ్గర ఉన్నది ఉన్నట్టుండి 8కి పడిపోయింది. మెయిన్ విండోలో పన్నెండు వరుసల్లోనూ 8.00, ఒక్కటి కూడా తేడా లేదు. అంటే 800 మెగాహెర్ట్జ్. టెంపరేచర్ 80 నుంచి 50లకి దిగిపోయింది, ప్రాసెసర్ వాడుతున్నది 10 వాట్లు కూడా లేదు. లిమిట్స్‌లో థర్మల్ గడి శుభ్రంగా ఉంది, ప్రాక్‌హాట్ మాత్రం ఎర్రగా వెలుగుతోంది.

ఈ ప్రాక్‌హాట్ గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి. ప్రాసెసర్ తన హద్దుకి, అంటే ఈ చిప్‌లో 100 డిగ్రీలకి, చేరినప్పుడు 'నేను వేడెక్కాను' అని ఇచ్చే సిగ్నల్ ఇది. కానీ ఈ తీగ రెండువైపులా పనిచేస్తుంది. మదర్‌బోర్డ్ మీదున్న వేరే ఏ భాగమైనా ఇదే తీగ లాగి ప్రాసెసర్‌ని కట్టడి చేయొచ్చు. దాన్నే బీడీ ప్రాక్‌హాట్ అంటారు, బీడీ అంటే రెండు దిక్కులా అని. కాబట్టి లెక్క సులువు: ప్రాసెసర్ 55 డిగ్రీల దగ్గర చల్లగా కూర్చుని ఉండగా ప్రాక్‌హాట్ వెలుగుతోందంటే కేక వేస్తున్నది ప్రాసెసర్ కాదు, బయట ఇంకెవరో. అది వోల్టేజ్ రెగ్యులేటర్ కావచ్చు, చెడిపోయిన ఒక సెన్సర్ కావచ్చు, బ్యాటరీ కావచ్చు, ఛార్జర్ కావచ్చు.

నా విషయంలో ఛార్జర్. కొన్ని కంపెనీల ఛార్జర్లలో కరెంటు మోసే వైర్లతో పాటు సన్నటి మూడో వైరు ఒకటి ఉంటుంది, పిన్ మధ్యలో సూదిలా కనిపించేది దానిదే. 'నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని' అని ల్యాప్‌టాప్‌కి చెప్పడమే దాని పని. అది తెగినా, వదులైనా ఛార్జర్ ఎవరిదో, ఎంత ఇవ్వగలదో బోర్డుకి తెలీదు, అందుకే ఎందుకొచ్చిన గొడవని ప్రాసెసర్‌ని 800 దగ్గర కట్టేస్తుంది. దీనికి పైకి కనిపించే గుర్తు కూడా ఉంది: బ్యాటరీ ఐకాన్ మీద ప్లగ్ బొమ్మ ఉంటుంది గానీ ఛార్జింగ్ శాతం పెరగదు. కేబుల్‌ని పిన్ దగ్గర కొంచెం వంచి పట్టుకుంటే ఎఫ్ఐడీ 8 నుంచి మళ్లీ 39కి ఎగిరేది, వదిలేస్తే 8. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అదే వాట్ల ఒరిజినల్ ఛార్జర్ మార్చాక ఆ ఎర్రగడి మళ్లీ కనిపించలేదు. హీట్‌సింక్ ఎక్కడిది అక్కడే ఉంది.

థ్రాటిల్‌స్టాప్ మెయిన్ విండోలోనే 'బీడీ ప్రాక్‌హాట్' టిక్ ఉంటుంది. అది తీసేస్తే బయటి కేకల్ని ప్రాసెసర్ పట్టించుకోవడం మానేస్తుంది, స్పీడు క్షణంలో వెనక్కి వస్తుంది. వీడియోల్లో చూపించే 'ఒక్క క్లిక్ పరిష్కారం' ఇదే. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా, ఇది పరీక్ష కోసం వాడాల్సిన టిక్. తీసేయగానే స్పీడు వచ్చిందంటే తప్పు బయట ఉందని రుజువైంది, ఇక దాన్ని వెతకాలి. ప్రాసెసర్ తన సొంత 100 డిగ్రీల రక్షణని ఎలాగూ వదులుకోదు, దానికేం భయం లేదు. కానీ నిజంగానే వోల్టేజ్ రెగ్యులేటర్ కాలిపోతుంటే దానికున్న ఒకే ఒక్క నోరు మీరు నొక్కేసినట్టు. పాడైన సెన్సర్ అని ఖాయంగా తేలిన పాత మెషీన్‌లో, బోర్డు మార్చే ఖర్చు దండగ అనుకున్నప్పుడు, శాశ్వతంగా తీసి ఉంచడంలో తప్పులేదు. మిగతావాళ్లకి వద్దు.

థర్మల్ గడి ఎర్రబడితే దారి వేరు. అప్పుడు మీ పక్కింటి సలహాలు పనికొస్తాయి. దుమ్ము దులపండి, పేస్ట్ మార్చండి. ల్యాప్‌టాప్ చిప్‌కి పైన లోహపు మూత ఉండదు, పేస్ట్ నేరుగా సిలికాన్ మీదే పడుతుంది. వేడెక్కడం, చల్లారడం వల్ల పల్చటి పేస్టులు నెమ్మదిగా పక్కలకి జరిగిపోతాయి, కొత్తలో బాగుండి కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొచ్చేది అందుకే. హనీవెల్ పీటీఎం7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్ (వేడికి మెత్తబడి అంటుకునే పల్చటి రేకు) వేస్తే ఆ బాధ తక్కువ. మూత విప్పే ముందు థ్రాటిల్‌స్టాప్‌లోనే ఒకటి చూడొచ్చు, కోర్ల మధ్య టెంపరేచర్ తేడా. ఒక కోర్ 98 ఉండి పక్కది 82 ఉంటే పేస్ట్ సమానంగా లేదనో, హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదనో గట్టిగా అనుమానించొచ్చు. అన్నీ కలిసికట్టుగా 97, 98 ఉంటే ఫ్యాన్, దుమ్ము, గాలి వైపు చూడండి. ఇంకోటి, చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒకే హీట్ పైపుల్ని పంచుకుంటాయి. ఫ్రేముల్ని 60కో, మీ స్క్రీన్ చూపించగలిగినంతకో కట్టేస్తే గ్రాఫిక్స్ వేడి తగ్గి, ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ప్రాసెసర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఇది ఎవరూ పెద్దగా చెప్పరు, ఎందుకో మరి.

పీఎల్1, పీఎల్2 వెలిగితే అది కరెంటు హద్దు. పీఎల్1 అంటే ఎంతసేపైనా వాడుకోగల వాట్లు, పీఎల్2 అంటే కాసేపు మాత్రమే వాడుకోగల ఎక్కువ వాట్లు, ఆ 'కాసేపు' చాలా ల్యాప్‌టాప్‌లలో 28 సెకన్లు. అందుకే బెంచ్‌మార్క్ మొదట్లో రాకెట్‌లా వెళ్లి తర్వాత చల్లబడుతుంది. ప్రాసెసర్ స్పీడు కొలిచే సినీబెంచ్ ఆర్23లో 10 నిమిషాల పరీక్ష నడిపితే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, కంపెనీ వాళ్ల నిర్ణయం. 'టీపీఎల్' విండోలో ఈ అంకెలు పెంచొచ్చు, కానీ పెంచినా కొన్నిసార్లు ఏమీ మారదు. అక్కడ చాలామంది జుట్టు పీక్కుంటారు. కారణం ఏంటంటే ఈ హద్దులు ఒకే చోట రాసి ఉండవు. ఎమ్ఎస్ఆర్‌లో ఒకటి, ఎమ్ఎమ్ఐఓలో ఇంకొకటి (రెండూ ప్రాసెసర్ సెట్టింగులు దాచుకునే చోట్లు), బోర్డు మీద పవర్, ఫ్యాన్లు చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్ చేతిలో వేరొకటి. అన్నింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. మీరు ఒకదాన్ని 60 చేసినా రెండోది 35 దగ్గర ఉంటే దక్కేది 35. టీపీఎల్‌లో ఎమ్ఎమ్ఐఓని లాక్ చేసే వీలుంది, కంట్రోలర్ పెట్టిన హద్దుకి మాత్రం థ్రాటిల్‌స్టాప్ దగ్గర కూడా మందు లేదు. ఇక చిన్న యూఎస్‌బీ-సీ ఛార్జర్ మీదో బ్యాటరీ మీదో ఆడుతూ వాట్లు రావట్లేదంటే దానికి ఈ రివ్యూ చదవక్కర్లేదు.

అండర్‌వోల్ట్ గురించి చెప్పకుండా ఎలా? 'ఎఫ్ఐవీఆర్' విండోలో కోర్‌కీ క్యాష్‌కీ (ప్రాసెసర్ లోపలి మెమరీ) వోల్టేజ్ తగ్గిస్తే అదే స్పీడు తక్కువ వేడితో వస్తుంది. నా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) ఇది తెరిచే ఉంది. రెండిటికీ మైనస్ 80 మిల్లీవోల్ట్‌లు పెడితే బరువైన పనిలో ఆరేడు డిగ్రీలు దిగింది. మీ చిప్‌కి ఇదే అంకె పడుతుందని లేదు, ఒకే మోడల్‌లో కూడా చిప్‌కీ చిప్‌కీ తేడా ఉంటుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూడాలి. అలా చూస్తున్నంత సేపూ కింద 'వోల్టేజ్‌లు సేవ్ చేయొద్దు' అన్న ఆప్షన్ మీదే ఉంచండి, మెషీన్ గడ్డకట్టినా రీస్టార్ట్ చేస్తే మామూలుగా లేస్తుంది. సేవ్ చేసేసి, స్టార్టప్‌లో కూడా పెట్టేసుకుంటే విండోస్ తెరవగానే క్రాష్, మళ్లీ తెరవగానే క్రాష్. అయితే ఈ భాగం కోసమే డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక బయోస్ అప్‌డేట్‌లతో చాలా ల్యాప్‌టాప్‌లలో వోల్టేజ్ మార్చే దారి మూసేశారు. ఇంటెల్ 10వ తరం నుంచి తాళం వేసి వచ్చినవే ఎక్కువ. ఎఫ్ఐవీఆర్ విండోలో 'లాక్డ్' అని కనిపిస్తే ఇంక దాని గురించి మర్చిపోండి. తాళం లేకపోయినా, విండోస్‌లో కోర్ ఐసొలేషన్ లాంటి వర్చువలైజేషన్ రక్షణలు ఆన్‌లో ఉంటే మార్పులు పట్టకపోవచ్చు. నాలుగైదు డిగ్రీల కోసం ఆ రక్షణ తీసేయమని నేను చెప్పను.

స్పీడ్ షిఫ్ట్ ఈపీపీ అని ఇంకో గడి, 0 నుంచి 255 దాకా. 0 అంటే స్పీడుకే మొగ్గు, 255 అంటే బ్యాటరీ పొదుపుకే. 128 దగ్గర ఉంచితే గేమ్‌లకి సరిపోతుంది. లిమిట్స్‌లో ఏదీ వెలగకుండా స్పీడు మాత్రం సరిగ్గా బేస్ దగ్గర ఇరుక్కుపోయి ఉంటే థ్రాటిల్‌స్టాప్ కన్నా ముందు విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ శాతం చూడండి. అక్కడ 99 అని ఉంటే టర్బో ఆగిపోతుంది, 100 చేస్తే వచ్చేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37 నంబరు హెచ్చరికలు వరసగా పడుతుంటే మాత్రం బయోస్ లాంటి ఫర్మ్‌వేరే స్పీడుకి హద్దు పెడుతోందని విండోస్ ఒప్పుకుంటున్నట్టు.

లోపాల విషయానికొస్తే, ఇంటర్‌ఫేస్ సంగతి చెప్పేశాను. విండోస్‌తో పాటే మొదలవ్వాలంటే టాస్క్ షెడ్యూలర్‌లో మనమే పని రాసుకోవాలి, మామూలు వాడకందార్లకి అది తలనొప్పే. అంతకన్నా పెద్దది డ్రైవర్. ప్రాసెసర్ లోపలి సెట్టింగుల్లోకి వెళ్లాలంటే కెర్నెల్ స్థాయి (విండోస్ లోలోపలి అధికారంతో నడిచే) డ్రైవర్ తప్పదు, 2025లో థ్రాటిల్‌స్టాప్ పాత డ్రైవర్ ఫైల్‌లోని లోపాన్నే దాడులు చేసేవాళ్లు యాంటీవైరస్‌ని చంపడానికి వాడుకున్నట్టు బయటపడింది. కాబట్టి పాత వెర్షన్ ఉంటే తీసేసి తాజాది, అదీ టెక్‌పవర్‌అప్ నుంచే తీసుకోండి. ఎవరో డ్రైవ్‌లో పెట్టిన జిప్ వద్దు. కొన్ని గేముల యాంటీ చీట్‌లు (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్లు) ఇలాంటి డ్రైవర్ల మీద పేచీ పెడతాయి. మీరు ఆడే ఆన్‌లైన్ గేమ్ ఒప్పుకోకపోతే కారణం కనుక్కునేంత వరకే వాడి మూసేయండి.

నా లెక్కలో 5కి 4. ఆ తగ్గిన ఒకటి ఇంటర్‌ఫేస్‌కి సగం, డ్రైవర్ బెంగకి సగం. ఇంటెల్ గేమింగ్ ల్యాప్‌టాప్ ఉండి, స్పీడు పడిపోతున్న మాట నిజమైతే, ఛార్జర్‌కో ప్యాడ్‌కో సర్వీస్‌కో డబ్బు పెట్టే ముందు లాగ్ టిక్ పెట్టి ఒక గేమ్ ఆడండి. ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు దీన్ని దింపుకుని లాభం లేదు. కారణం చూడటానికి మీకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్ ఉంది, సెన్సర్ల జాబితాలో థర్మల్ థ్రాటిలింగ్, ప్రాక్‌హాట్ వరుసలు 'Yes' అని మారుతున్నాయేమో చూసుకోండి. వాట్ల హద్దులు మార్చాలనుకుంటే రైజెన్‌అడ్జ్ (RyzenAdj) అనే ఉచిత టూల్ ఉంది, అది కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేస్తే, నడుస్తుంది.